రాయితీ, బ్యాంకు లోనుతో ఇంటి కరెంటు ఖర్చు తగ్గించుకోవడం: విజయవాడ, గుంటూరు ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

రోహిణీ కార్తె వచ్చేసరికి విజయవాడలో రాత్రి పదకొండు దాటినా డాబా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఏసీ ఆపితే నిద్ర పట్టదు, ఆపకపోతే ఆ నెల బిల్లు చూసి నిద్ర పట్టదు. అలాంటి ఒక బిల్లు చేతికి వచ్చిన రోజునే చాలామంది సోలార్ గురించి ఆలోచించడం మొదలుపెడతారు, వారంలోపే సోలార్ పలకలు (ప్యానెళ్లు) అమ్మి బిగించే వెండరు ఎవరో ఒకరు ఇంటికి వస్తాడు, మూడు కిలోవాట్లు వేసుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని చెబుతాడు, బ్యాంకు లోను కూడా తానే చూసుకుంటానంటాడు. ఆయన చెప్పే అంకె అబద్ధం కాదు. కానీ ఎంత సబ్సిడీ వస్తుందో చూసి ఎంత సోలార్ వేయాలో నిర్ణయించుకోవడం తలకిందుల లెక్క. మీ బిల్లు ఎంత అడుగుతుందో అంతే వేయాలి, అందుకు తగినంతే లోను తీసుకోవాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ క్రమంలోనే నడుస్తుంది.

మొదటి అడుగు: పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకోవడం

మన రెండు నగరాలకూ కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థ, ఇలాంటి సంస్థనే డిస్కం అంటారు. ఆ సంస్థ వెబ్‌సైటులో మీ పదమూడు అంకెల సర్వీసు నంబరు ఇస్తే పాత బిల్లులు కనిపిస్తాయి. ఏడాది పొడుగునా నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో ఒక కాగితం మీద రాసుకోండి. మే నెల ఒక్కటే చూస్తే భయపడి ఎక్కువ వేయిస్తారు, డిసెంబరు ఒక్కటే చూస్తే తక్కువ వేయిస్తారు. అందుకే ఏడాది సగటు తీయాలి.

ఆ తరువాత గమనించవలసింది స్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లు. గృహ వినియోగానికి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్‌సీ 2022లో నిర్ణయించిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75, ఆ పైన 9.75 రూపాయలు. వీటికి స్థిర చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు చార్జీలు అదనం. మీ తాజా బిల్లులో ఉన్న ధరలతో ఒకసారి పోల్చి చూసుకుని లెక్క మొదలుపెట్టండి.

ఈ స్లాబుల అమరికలోనే అసలు కిటుకు ఉంది. నెలకు 350 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. యూనిట్ల చార్జీ ఒక్కటే 2,110 రూపాయల దాకా అవుతుంది. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల వరకు ఇస్తుందని లెక్క వేస్తారు. పగలు వాడగా మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్డుకు, అంటే డిస్కం లైనుకు వెళ్తుంది, వెళ్లిన యూనిట్లను నెట్ మీటరు లెక్కపెడితే బిల్లులో వాటిని తీసేస్తారు. అలా మొదటి కిలోవాట్ వేస్తే బిల్లుకు వచ్చే యూనిట్లు 350 నుంచి 230కి దిగుతాయి. తగ్గినవన్నీ 8.75 రూపాయల యూనిట్లే కాబట్టి ఆదా 1,050 రూపాయలు. రెండో కిలోవాట్‌తో 110 యూనిట్లకు వస్తారు, అదనపు ఆదా 711 రూపాయలు. మూడో కిలోవాట్ మిగిలిన ఆ 110 యూనిట్లను కూడా తుడిచేస్తుంది, కానీ అవి చవక యూనిట్లు కావడం వల్ల అదనంగా మిగిలేది సుమారు 350 రూపాయలే. ఒకే రకం పలక, ఒకే ఎండ, దాదాపు ఒకే ఖర్చు. మొదటి కిలోవాట్ సంపాదించే దానిలో మూడోది మూడో వంతు మాత్రమే సంపాదిస్తోంది. నెలకు 200 యూనిట్లలోపు కాల్చే ఇంటికి పైస్లాబు యూనిట్లే ఉండవు కాబట్టి ఆదా ఇంకా తక్కువ. అలాంటి ఇల్లు లోను తీసుకునే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

రెండో అడుగు: లోను అవసరం లేని పనులు ముందు ముగించడం

సోలార్ పలకల కంటే ముందు ఇంట్లో ఉన్న ఫ్యాన్లను లెక్కపెట్టండి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల వరకు తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో ఈ ఒక్క మార్పుతో నెలకు 81 యూనిట్లు తగ్గుతాయి. 350 యూనిట్ల ఇంట్లో ఆ 81 యూనిట్లూ 8.75 రూపాయల స్లాబులోవే, అంటే నెలకు 700 రూపాయల పైమాటే. ఏలూరు రోడ్డులో ఏ దుకాణంలో అడిగినా ఈ ఫ్యాన్లు దొరుకుతాయి. కొనేటప్పుడు కరెంటు ఆదాను సూచించే బీఈఈ నక్షత్రాల చీటీ ఉందో లేదో, దాని మీద వాట్లు ఎన్నని రాసి ఉందో చూడండి. దీనికి లోను అక్కరలేదు. ఒకేసారి అన్నీ మార్చలేకపోతే ఎక్కువసేపు తిరిగే హాలు ఫ్యానుతో మొదలుపెట్టి నెలకొకటి చొప్పున మార్చుకోవచ్చు.

ఏసీ విషయంలో మాత్రం బాగా పనిచేస్తున్న దాన్ని తీసేసి కొత్తది కొనమని నేను చెప్పను. పదేళ్లు దాటిన ఏసీకి కంప్రెసర్ మార్చవలసిన పరిస్థితి వచ్చినప్పుడు ఆ ఖర్చును ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ మీద పెట్టడం మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కనుక, పాత ధరల పట్టిక చూపించే దుకాణంలో బిల్లు మీద పన్ను శాతాన్ని వేలు పెట్టి అడగండి.

ఫ్యాన్లు మార్చాక మన ఉదాహరణ ఇల్లు 269 యూనిట్లకు వచ్చింది. ఇప్పుడు అదే సోలార్ లెక్క మళ్లీ వేయండి. రెండు కిలోవాట్లు 240 యూనిట్లు ఇస్తే బిల్లుకు మిగిలేది 29 యూనిట్లు. మూడో కిలోవాట్ కోసం లోను పెంచుకుంటే అది బిల్లులో ఆదా చేసేది నెలకు 55 రూపాయలు. గ్రిడ్డుకు వెళ్లే మిగులు యూనిట్లకు డిస్కం కట్టే ధర మీరు కొనే పైస్లాబు ధరకు దరిదాపుల్లో ఉండదు. వచ్చే ఏడాది రెండో ఏసీ పెట్టే ఆలోచన ఉన్నా, ఎలక్ట్రిక్ స్కూటరు కొనబోతున్నా మూడు కిలోవాట్లకు కారణం ఉన్నట్టే. సబ్సిడీ ఎక్కువ వస్తుందన్నది మాత్రం కారణం కాదు.

మూడో అడుగు: మీకు వర్తించే రాయితీ ఏదో తేల్చుకోవడం

కేంద్ర పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన. 2024 ఫిబ్రవరి 13న దీన్ని ప్రారంభించారు, అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయలతో ఆమోదించింది. కోటి ఇళ్లకు 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలు చేయాలన్నది లక్ష్యం. రాయితీ మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడింటికి 78,000 వస్తుంది. ఐదు కిలోవాట్లు వేసినా 78,000 దాటదు. సొంత ఇల్లు, పలకలు అమర్చడానికి హక్కున్న డాబా, పనిచేస్తున్న కరెంటు సర్వీసు ఉండాలి. ఇంతకు ముందు సోలార్ పలకలకు వేరే సబ్సిడీ తీసుకుని ఉండకూడదు.

దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వ సాయం కూడా ఉంది. బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 10,000 చొప్పున 20,000 రూపాయలు అదనంగా ఇస్తామని రాష్ట్రం 2025లో ప్రకటించింది, దాంతో కలిపితే రెండు కిలోవాట్లకు 80,000 అవుతుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల పలకలను డిస్కంల ద్వారా ఉచితంగా అమర్చే పని చేపట్టింది. కాబట్టి ఈ వర్గాల వారు ముందుగా తమ ప్రాంతపు విద్యుత్ సెక్షన్ కార్యాలయానికి కుల ధ్రువీకరణ పత్రం, కరెంటు బిల్లు తీసుకెళ్లి తమ పేరు జాబితాలో ఉందో లేదో కనుక్కోవాలి. ఉచితంగా వచ్చేదానికి తొందరపడి బయట లోను తీసుకుంటే తరువాత వెనక్కి రాదు.

అపార్టుమెంట్లలో ఉండేవారికి దారి వేరు. పటమట, మొగల్రాజపురం వైపు చాలా అపార్టుమెంట్లలో డాబా అందరి ఉమ్మడి ఆస్తి. ఒక ఫ్లాటు యజమాని తనంతట తాను పలకలు వేసుకుంటే రేపు పై అంతస్తు వారితో, వాటర్ ట్యాంకు శుభ్రం చేసేవారితో తగాదా తప్పదు. అసోసియేషన్ తరఫున లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు, వాహనాల చార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాలకు వేస్తే కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది, ఇంటికి మూడు కిలోవాట్ల లెక్కన మొత్తం 500 కిలోవాట్ల వరకు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాసి, అందరి సంతకాలు తీసుకుని, అసోసియేషన్ బ్యాంకు ఖాతాతో దరఖాస్తు చేయాలి.

నాలుగో అడుగు: పేర్లు సరిచూసుకోవడం

ఈ అడుగును అందరూ తేలికగా తీసుకుంటారు, ఎక్కువమంది ఆగిపోయేది కూడా ఇక్కడే. గుంటూరు బ్రాడీపేటలో మా అత్తయ్యగారి ఇంటికి నేనే దగ్గరుండి దరఖాస్తు చేయించాను. అన్ని కాగితాలూ ఉన్నాయనుకున్నాం. తీరా చూస్తే కరెంటు సర్వీసు ఆరేళ్ల కిందట కాలం చేసిన మామయ్యగారి పేరిటే ఉంది. బిల్లు నెలనెలా కట్టేస్తూ ఉండడంతో ఆ కాగితం మీద పేరును ఎవరూ చదవలేదు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు పెట్టి పేరు మార్పిడి చేయించుకుని వచ్చేసరికి ఎండాకాలం కాస్తా గడిచిపోయింది. ఆ నాలుగు నెలల బిల్లులూ ఆవిడ పూర్తిగానే కట్టారు.

ఇంకొక చిక్కు మన ఇంటిపేర్లతో వస్తుంది. కరెంటు బిల్లు మీద ఇంటిపేరు ఒక అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా రాసి ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో అది చివరకు వెళ్లి కూర్చుంటుంది. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు ముగ్గురు వేరు. సబ్సిడీ సొమ్ము పడవలసిన ఖాతా దగ్గర ఈ తేడా బయటపడితే పని పూర్తయిన తరువాత డబ్బు ఆగుతుంది. కాబట్టి బిల్లు, ఆధార్, పాన్, పాసుపుస్తకం నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం చదవండి. తేడా ఉంటే దరఖాస్తుకు ముందే సరిచేయించండి. మీ సర్వీసు మంజూరు లోడు, అంటే డిస్కం మీ ఇంటికి అనుమతించిన కిలోవాట్లు ఎన్నో కూడా ఆ బిల్లు మీదే చూసుకోండి. వేయదలచిన సోలార్ సామర్థ్యం దానికంటే ఎక్కువైతే సెక్షన్ కార్యాలయంలో ముందే మాట్లాడాలి.

ఐదో అడుగు: డాబాను కొలవడం

ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. నీడలేని అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. పలకలను వరుసగా కలిపి బిగిస్తారు కాబట్టి ఒక పలక మీద కొబ్బరాకు నీడ పడినా ఆ వరుస మొత్తం నీరసిస్తుంది. సూర్యుడు దక్షిణానికి బాగా ఒరిగేది ధనుర్మాసంలో, అప్పుడే నీడలు అన్నిటికంటే పొడవుగా పడతాయి. మా సత్యనారాయణపురం ఇంట్లో ఆ రోజుల్లోనే వాకిట్లో ముగ్గు వేయగా మిగిలిన పిండి పట్టుకుని డాబా ఎక్కాం. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడు గంటలకు వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి పిట్టగోడ నీడ ఎక్కడిదాకా వచ్చాయో ముగ్గుపిండితో గీతలు గీశాం. మూడు గీతలకూ బయట మిగిలిన చోటు 230 చదరపు అడుగులు. వెండరు ఫోనులో ఫొటో చూసి మూడు కిలోవాట్లు పడతాయన్న డాబా అదే.

పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. మనం ఉన్నది 16 డిగ్రీల అక్షాంశం దగ్గర కాబట్టి వాలు కూడా ఇంచుమించు అంతే చాలు. డాబా మీద వడియాలు, ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకునే ఇల్లయితే పలకల కింద మనిషి నడిచేంత ఎత్తులో చట్రం వేయించుకోవచ్చు. దానికి ఖర్చు పెరుగుతుంది, ఎత్తు పెరిగిన కొద్దీ తుపాను గాలికి చట్రం తట్టుకునేలా బిగింపు కూడా గట్టిగా ఉండాలి. ఆ ఖర్చు కొటేషనులోనే ఉండాలి, తరువాత వేరే చీటీగా రాకూడదు.

పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు ఎక్కడ బిగిస్తారన్నది చాలామంది అడగని ప్రశ్న. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు అజిత్ సింగ్ నగర్ వైపు కింది అంతస్తుల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉన్నవారు ఇన్వర్టరును, దాని స్విచ్ పెట్టెలను మొదటి అంతస్తులోనో మెట్ల గది పైనో పెట్టించుకోవాలి. తీగ నాలుగు మీటర్లు ఎక్కువ పట్టినా అది వృథా ఖర్చు కాదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే తెలుసుకోవాలి. గ్రిడ్డుకు కలిపిన సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మ్యాన్‌కు షాక్ తగలకుండా ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. కరెంటు కోతల సమయంలో వెలుగు కోసమే సోలార్ కావాలనుకునేవారు బ్యాటరీ సంగతి వేరుగా ఆలోచించాలి, ఆ బ్యాటరీ ఖర్చుకు ఈ రాయితీ రాదు.

ఆరో అడుగు: పోర్టల్‌లో దరఖాస్తు, వెండరు ఎంపిక

పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్ చిరునామా పీఎంసూర్యఘర్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని ఏ పేజీలోనూ ఆధార్, ఓటీపీ ఇవ్వకండి. రాష్ట్రం, డిస్కం, సర్వీసు నంబరు, మొబైల్ నంబరు ఇచ్చి నమోదు కావాలి, తరువాత లాగిన్ అయి దరఖాస్తు నింపాలి. దరఖాస్తు సంఖ్యను రాసి పెట్టుకోండి, బ్యాంకు కూడా దాన్నే అడుగుతుంది. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక సాధ్యత పరిశీలన కోసం నెలల తరబడి ఎదురుచూసే అవసరాన్ని 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు తీసేశాయి. సందేహం వస్తే పథకం సహాయ నంబరు 15555, మన డిస్కం నంబరు 1912.

వెండరును పోర్టల్‌లో నమోదైన జాబితా నుంచే ఎంచుకోవాలి. ఆ జాబితాలో లేని మనిషి ఎంత తక్కువకు చేసినా రాయితీ రాదు. కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వకంగా కొటేషను తీసుకోండి. అందులో పలకల కంపెనీ, ఒక్కొక్క పలక వాట్లు, ఇన్వర్టరు మోడల్, చట్రం ఎత్తు, ఎర్తింగ్, నెట్ మీటరు ఖర్చు ఎవరిదన్న సంగతి విడివిడిగా ఉండాలి. రాయితీకి పలకలతో పాటు వాటిలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవై ఉండాలి, వాటినే డీసీఆర్ పలకలంటారు. దిగుమతి సెల్స్‌తో చేసిన పలకలు చవకగా వస్తాయి కాబట్టి కొటేషను మరీ తక్కువగా ఉంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. డాబా మీదికి పలకలు ఎక్కించే రోజున వాటి వెనక ఉన్న సీరియల్ నంబర్లను ఫొటో తీసి డీసీఆర్ పత్రంలోని నంబర్లతో సరిచూడండి. బిగించిన తరువాత వాటి వెనక్కి చేయి కూడా దూరదు.

పన్ను కూడా చూసుకోండి. సోలార్ సామగ్రి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. సామగ్రి, బిగింపు కలిపి ఒకే కాంట్రాక్టుగా చేసినప్పుడు విలువలో 70 శాతాన్ని సామగ్రిగా, 30 శాతాన్ని సేవగా లెక్క కడతారు కనుక మొత్తం మీద పన్ను 8.9 శాతం పడాలి. అంతకు ముందు ఇది 13.8 శాతం. లక్షన్నర రూపాయల పని మీద ఈ తేడా ఏడు వేల రూపాయలకు పైనే.

వెండరుతో ఒప్పందంలో ఐదేళ్ల నిర్వహణ బాధ్యత తప్పక ఉండాలి, ఇది పథకం నిబంధన. సబ్సిడీ సొమ్ము నేరుగా మీ ఖాతాకే వస్తుంది. సబ్సిడీ తామే తెస్తామని, దానికి ముందుగా కొంత కట్టాలని ఎవరైనా అడిగితే ఆ మనిషిని గుమ్మం దగ్గరే ఆపేయండి.

ఏడో అడుగు: లోను

పథకం కింద మూడు కిలోవాట్ల వరకు ప్రభుత్వ రంగ బ్యాంకులు పూచీకత్తు లేకుండా 2 లక్షల రూపాయల దాకా ఇస్తున్నాయి. ఖర్చులో పదో వంతు మీరు పెట్టుకోవాలి, గడువు పదేళ్ల వరకు ఉంటుంది. వడ్డీ రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీకి, అర శాతం పైన ఉండేలా రూపొందించారు. పథకం మొదలైనప్పుడు రెపో 6.5 శాతం కావడంతో వడ్డీ 7 శాతంగా ప్రచారమైంది. 2025లో రెపోను పలుమార్లు తగ్గించారు కాబట్టి ఇప్పటికీ 7 శాతమే అని చెప్పే శాఖలో ఎందుకని అడిగే హక్కు మీకుంది. దరఖాస్తును సూర్యఘర్ పోర్టల్ నుంచి గానీ ప్రభుత్వ పథకాల లోన్ల కోసం ఉన్న జన్ సమర్థ్ పోర్టల్ నుంచి గానీ పెట్టవచ్చు. కరెంటు బిల్లు, ఆధార్, పాన్, ఇంటి పన్ను రసీదు, ఆరు నెలల ఖాతా వివరాలు, వెండరు కొటేషను దగ్గర ఉంచుకోండి. క్రెడిట్ స్కోరు తప్పక చూస్తారు, పాత క్రెడిట్ కార్డు బాకీలేమైనా ఉంటే ముందే తీర్చేయాలి. మంజూరైన సొమ్మును బ్యాంకు వెండరుకే పంపుతుంది.

ఇక లెక్క. రెండు కిలోవాట్లకు మీ వెండరు 1,40,000 అన్నాడనుకుందాం. మీరు పెట్టేది 14,000, లోను 1,26,000. వడ్డీ 6 శాతం, గడువు పదేళ్లు అనుకుంటే నెల వాయిదా 1,400 రూపాయలు. ఫ్యాన్లు మార్చిన మన ఉదాహరణ ఇంట్లో రెండు కిలోవాట్లు ఆదా చేసేది నెలకు 1,347. అంటే కరెంటు బిల్లుకు పోయే డబ్బే ఇంచుమించు వాయిదాకు మళ్లుతుంది. తరువాత సబ్సిడీ 60,000 వచ్చినప్పుడు దాన్ని లోనుకు జమ చేస్తే అసలు 66,000కు దిగుతుంది. ఇక్కడ బ్యాంకు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది, లేదా అడగకుండానే తనకు నచ్చిన జవాబు రాసుకుంటుంది. వాయిదా తగ్గించాలా, గడువు తగ్గించాలా? వాయిదా తగ్గిస్తే నెలకు 733 చొప్పున పదేళ్లు కడతారు, మొత్తం వడ్డీ దాదాపు 22,000. అదే 1,400 కడుతూ పోతే నాలుగున్నరేళ్లలో లోను తీరుతుంది, వడ్డీ పదివేల లోపే. చేతిలో నెల గడవడం కష్టమైతే తప్ప గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇలాంటి లోన్లను ముందుగా తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు.

సబ్సిడీ సొమ్ము బంగారం కొనడానికో పండక్కో ఖర్చయిపోతే ఈ లెక్క మొత్తం తిరగబడుతుంది. కొన్ని శాఖలు సబ్సిడీ పడే ఖాతా తమ దగ్గరే ఉండాలని అడుగుతాయి. దానికి ఒప్పుకోవడం నా దృష్టిలో మంచిదే, డబ్బు చేతికి రాకముందే దాని చోటు దానికి దొరుకుతుంది. మొదటి వాయిదా ఎప్పటి నుంచి మొదలవుతుందో మంజూరు పత్రంలో చదవండి. నెట్ మీటరు బిగించకముందే వాయిదా మొదలైతే ఆ రెండు మూడు నెలలు బిల్లూ వాయిదా రెండూ కట్టవలసి వస్తుంది, అందుకు ఐదారు వేలు పక్కన పెట్టుకోవాలి.

ఎనిమిదో అడుగు: నెట్ మీటరు, సబ్సిడీ, ఆ తరువాత

పలకలు బిగించాక వెండరు వివరాలను పోర్టల్‌లో ఎక్కించి నెట్ మీటరుకు దరఖాస్తు చేస్తాడు. డిస్కం సిబ్బంది వచ్చి తనిఖీ చేసి, మీటరు మార్చి, ప్రారంభ నివేదిక ఇస్తారు. ఆ రోజు ఇంట్లో మీరు తప్పక ఉండండి. మీటరు తెర మీద బొత్తాము నొక్కుతూ పోతే గ్రిడ్డు నుంచి తీసుకున్న యూనిట్లు, గ్రిడ్డుకు పంపిన యూనిట్లు విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండు అంకెలనూ తేదీతో సహా ఫొటో తీసుకోండి. మొదటి బిల్లులో తేడా వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. నివేదిక పోర్టల్‌లో కనిపించాక బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు ఎక్కించాలి. ఆ తరువాత నెల రోజుల్లో రాయితీ జమ చేయాలన్నది పథకం పెట్టుకున్న గడువు. దాటితే 15555కు ఫిర్యాదు చేసి ఆ ఫిర్యాదు సంఖ్యను దాచుకోండి.

మే నెలలో ఎండ మండిపోతుంటే పలకలు కూడా దంచి కొట్టాలని అనుకుంటాం. కానీ పలకలకు కావలసింది వెలుగు, వేడి కాదు. వాటి సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు, అంతకు మించిన ఒక్కొక్క డిగ్రీకి ఉత్పత్తి దాదాపు మూడో వంతు శాతం చొప్పున తగ్గుతుంది. మండు వేసవిలో పలక ఒంటి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. అందుకని మే నెల అంకె మార్చి కంటే తక్కువగా కనిపిస్తే పలకలు పాడయ్యాయని కంగారుపడనక్కరలేదు. ఇన్వర్టరు యాప్‌లో రోజువారీ యూనిట్లను నెలకొకసారి నోటుపుస్తకంలో రాసుకుంటూ ఉండండి. కిందటి ఏడాది అదే నెలతో పోల్చితే ఎక్కువగా పడిపోయినప్పుడు మాత్రమే ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం చూపించి వెండరును పిలవాలి.

దుమ్ము సంగతి మాత్రం మన చేతిలోనిదే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం వైపు, హైవే పక్కన ఉన్న ఇళ్లలో పదిహేను రోజులకే పలకల మీద వేలితో పేరు రాయగలిగేంత పొర పేరుకుంటుంది. కడగడం సూర్యుడు ఎక్కకముందే, తెల్లవారుజామున జరగాలి. కాగిన గాజు మీద చల్లని నీళ్లు పోస్తే అది పగలవచ్చు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే తెల్లటి మరకలు పడతాయి కాబట్టి మున్సిపల్ కుళాయి నీళ్లు వాడండి. మెత్తని గుడ్డ చుట్టిన పొడవాటి కర్రతో పై అంచు నుంచి కిందికి తుడవండి, పలకల మీద కాలు మాత్రం పెట్టకండి.